వాడుకరి మాట – వాడుకరి చేత: రూపకల్పన పరిశోధనలో ముఖాముఖి, వినియోగ్యతా పరీక్షల భేదం

పరిశోధన సంగ్రహం:

ఒక వస్తువునో సేవనో రూపొందించేవారు దాన్ని వాడబోయేవారిని అర్థం చేసుకోవడానికి అనుసరించే పద్ధతుల్లో ముఖాముఖి, వినియోగ్యతా పరీక్ష ముఖ్యమైనవి. మొదటిదానికి వాడుకరి మాట ఆధారం, రెండవదానికి వాడుకరి చేత ఆధారం. ఒకదానితో తేలవలసిన విషయాన్ని మరొకదానితో తేల్చబోయినప్పుడు నిర్ధారణలు ఎక్కడ దెబ్బతింటాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మాండలిక వృత్తి పదకోశం, ఆసుయంత్రం, తెలంగాణలోని ధరణి – భూభారతి భూమి రికార్డుల వ్యవస్థ ఈ పరిశీలనకు ఉదాహరణలు. తెలుగు శాఖల క్షేత్ర పరిశోధన డిజిటల్ సాధనాల వైపు విస్తరిస్తున్న దశలో ఈ భేదాన్ని గుర్తించవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వాడుకరి, ముఖాముఖి, వినియోగ్యతా పరీక్ష, క్షేత్ర పరిశోధన, ఆసుయంత్రం, ధరణి, భూభారతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగు శాఖల్లో జరిగే క్షేత్ర పరిశోధనకు ప్రశ్నావళి, ముఖాముఖి చిరకాలంగా ప్రధాన సాధనాలు. జానపద గేయాన్ని సేకరించినా, మాండలిక పదాన్ని నమోదు చేసినా, ఒక వృత్తి సమూహం జీవనాన్ని అధ్యయనం చేసినా సమాచారదాత చెప్పిన మాటే పరిశోధకుడికి మూలాధారం. ఆ విషయాలకు ఈ పద్ధతి తగినదే. మాటను సేకరించడానికి మాటను మించిన దారి లేదు.

పరిశోధన వస్తువు మారినప్పుడు చిక్కు మొదలవుతుంది. అంతర్జాల నిఘంటువు, పాఠ్యబోధన యాప్, తెలుగు కీబోర్డు, ప్రభుత్వ సేవల పోర్టల్ వంటివి ఇప్పుడు పరిశోధనాంశాలు అవుతున్నాయి. వీటి ప్రయోజనాన్ని అంచనా వేయడానికి కూడా అలవాటైన ప్రశ్నావళినే ఆశ్రయించే ధోరణి సహజంగా ఏర్పడుతుంది. “ఈ యాప్ మీకు ఉపయోగపడుతోందా?” అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను లెక్కించి, శాతాలుగా పట్టికలో చూపి, ఆ సాధనం సులువుగా ఉందని నిర్ధారించడం జరుగుతుంది. అక్కడ తెలిసినది జనాభిప్రాయం మాత్రమే. ఆ సాధనంతో వారు అనుకున్న పని చేయగలిగారా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఇది పద్ధతికి సంబంధించిన చిన్న పట్టింపుగా కనిపించవచ్చు. కాని దాని ఫలితం వాడుకరి మీద పడుతుంది. సాధనం బాగుందని పట్టిక చెప్పాక, దాన్ని వాడలేకపోయినవారిలోనే లోపం ఉందన్న నిర్ణయానికి రావడం తేలిక. ‘డిజిటల్ అక్షరాస్యత లేదు’ అన్న మాట చాలా సందర్భాల్లో పరీక్షించని సాధనానికి రక్షణగా నిలుస్తుంది.

2. రెండు పద్ధతులు – రెండు ప్రశ్నలు:

ముఖాముఖిలో పరిశోధకుడు వాడుకరి అనుభవాన్ని, అవసరాన్ని, అలవాట్లను, అసంతృప్తిని అడిగి తెలుసుకుంటాడు. సాధారణంగా ఇది రూపకల్పనకు ముందు జరుగుతుంది. ఆ సమయానికి వస్తువు ఉండనవసరం లేదు. వినియోగ్యతా పరీక్షకు మాత్రం కనీసం కాగితం మీద గీసిన నమూనా అయినా కావాలి. వాడుకరికి ఒక పని అప్పగిస్తారు. ఆ పని అతడు ఎలా మొదలుపెట్టాడు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ వెనక్కి మళ్లాడు, పూర్తి చేయగలిగాడా అన్నవి గమనించి నమోదు చేస్తారు. ముఖాముఖి అడిగే ప్రశ్న: ‘ఈ మనిషికి ఏమి కావాలి, ఎందుకు?’ పరీక్ష అడిగే ప్రశ్న: ‘చేసిపెట్టినది ఈ మనిషి చేతిలో పని చేస్తున్నదా?’

1998లో వెలువడి, 2018లో సవరణ పొందిన ఐఎస్ఓ 9241-11 ప్రమాణం వినియోగ్యతకు ఇచ్చిన నిర్వచనం ఇక్కడ ఉపకరిస్తుంది. నిర్దిష్టమైన వాడుకరులు, నిర్దిష్టమైన సందర్భంలో, నిర్దిష్టమైన లక్ష్యాలను ఎంత సఫలంగా, ఎంత తక్కువ వ్యయప్రయాసలతో, ఎంత సంతృప్తిగా సాధించగలరన్నదే ఆ నిర్వచన సారం. ఈ మూడు కొలతల్లో సంతృప్తి ఒక్కటే అడిగితే తెలిసేది. మిగిలిన రెండూ చూస్తేగాని తెలియవు. కేవలం ప్రశ్నావళితో వినియోగ్యతను నిర్ధారించే పరిశోధన మూడింట ఒక వంతును కొలిచి మొత్తాన్ని ప్రకటిస్తున్నదని చెప్పవలసి వస్తుంది.

అడిగినప్పుడు వాడుకరి అబద్ధం చెబుతాడని దీని అర్థం కాదు. మనిషికి తన ప్రవర్తన వెనుక ఉన్న కారణాలు తనకే పూర్తిగా తెలియవని, అడిగినప్పుడు సబబుగా తోచిన కారణాన్ని నిజాయితీగానే చెబుతాడని మనస్తత్వ శాస్త్రజ్ఞులు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లో ప్రకటించిన వ్యాసంలో వాదించారు. ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ 1984లో వెలువరించిన గ్రంథం ఈ చర్చను మరో దిశలో ముందుకు తీసుకువెళ్లింది. పని చేస్తూ మనసులో మెదిలేదాన్ని పైకి అనడం వేరు, పని ముగిశాక కారణాలను గుర్తుచేసుకుని వివరించడం వేరు అని వారు చూపారు. అందువల్ల వినియోగ్యతా పరీక్షలో కూడా మాట ఉంటుంది. కాని అది చేతిని వెన్నంటి వచ్చే మాట. ముఖాముఖిలోని మాట జ్ఞాపకం నుంచి వచ్చే మాట. రెండింటికీ సాక్ష్యంగా ఒకే విలువ ఇవ్వడం కుదరదు.

3. పరిభాష – సంస్కారం:

ఈ పద్ధతులు తెలుగు నేలమీద అమలయ్యేటప్పుడు రెండు అంశాలను ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది పరిభాష. ‘వినియోగదారుడు’ అన్న మాటలో కొనుగోలుదారుడు, హక్కుల చట్టం స్ఫురిస్తాయి. తెలుగు వికీపీడియా స్థిరపరచిన ‘వాడుకరి’ అన్న మాట ఈ సందర్భానికి దగ్గరగా ఉంది. వాడడమే అందులోని ధాతువు. ‘పరీక్ష’ అన్న మాట ఇంకా ఇబ్బందికరమైనది. తెలుగు సమాజంలో పరీక్ష అంటే మార్కులు, ఉత్తీర్ణత, పరువు. పల్లెలో ఒక పెద్దాయన ముందు ఫోను పెట్టి ‘పరీక్ష’ అంటే పరీక్ష తనకేనని ఆయన అనుకోవడం సహజం. పరీక్షకు గురయ్యేది తెర అనీ, మనిషి కాదనీ ముందే స్పష్టం చేయడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, ఫలితాల విశ్వసనీయతకు షరతు కూడా.

రెండవది సంస్కారం. అడిగినవారు చదువుకున్నవారు, ఊరికి వచ్చిన అతిథులు, అందులోనూ కార్యాలయం తరఫున వచ్చినవారు అయితే, వారిని నొప్పించకుండా జవాబు చెప్పడం మన పల్లెల మర్యాద. “అర్థమైందా?” అంటే “అయింది సార్” అనీ, “ఎట్లుంది?” అంటే “మంచిగనే ఉంది” అనీ వచ్చే జవాబుల్లో సమాచారం కన్నా గౌరవం ఎక్కువ. అనుభవజ్ఞుడైన పరిశోధకుడు ‘మంచిగనే’ అన్న మాటలోని ‘నే’ దగ్గర ఆగుతాడు. ప్రశ్నావళిలోని గడికి ఆ ‘నే’ వినబడదు. అది ‘బాగుంది’ కిందికే చేరుతుంది. పనిని అప్పగించి చూసినప్పుడు ఈ మర్యాద అంతగా అడ్డురాదు. తెరమీద ఆగిపోయిన వేలు మొహమాటంతో కదలదు.

4. మాట సేకరణ – మాండలిక వృత్తి పదకోశం:

మాటను శాస్త్రీయంగా సేకరించిన తెలుగు పరిశోధనకు ఉత్తమ ఉదాహరణ మాండలిక వృత్తి పదకోశం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దీని తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాల సంపుటాన్ని 1971లో ప్రచురించింది. ఒకే పనిముట్టుకు, ఒకే పనికి వేర్వేరు ప్రాంతాల వృత్తిదారులు వాడే పదాలను క్షేత్రంలో అడిగి నమోదు చేశారు. తెలుగు మాండలికాలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా కృష్ణమూర్తి చేసిన విభజనకు ఈ సేకరణ పునాది అయింది.

రూపకల్పన పరిశోధన దృష్టితో చూస్తే ఇది విస్తృతమైన ముఖాముఖి అధ్యయనం. ప్రజలు తమ పనిని ఏ మాటలతో ఊహిస్తారో ఇది చెబుతుంది. ఒక వ్యవసాయ యాప్‌లో గాని, భూమి రికార్డుల తెరమీద గాని ఏ పదం ఉండాలో నిర్ణయించడానికి ఇంతకన్నా మంచి ప్రారంభ సామగ్రి ఉండదు. అయినా అది ప్రారంభమే. ఒక పదం రైతు నోట ఉన్నంత మాత్రాన, అదే పదం బొత్తాం మీద కనిపించినప్పుడు అతడు దాన్ని నొక్కుతాడన్న హామీ లేదు. చుట్టూ ఉన్న ఇతర పదాలు, ఆ తెర క్రమం, తప్పు నొక్కితే ఏమవుతుందోనన్న భయం అక్కడ పనిచేస్తాయి. పదకోశం పదాన్ని ఇస్తుంది. ఆ పదం తెరమీద పనిచేస్తుందో లేదో పరీక్ష తేల్చాలి.

5. నొప్పి చెప్పినది మాట, నిరూపించినది చేత – ఆసుయంత్రం:

చేనేతలోనే ఈ రెండు సాక్ష్యాలూ వరుసగా కనిపించే ఉదాహరణ ఆసుయంత్రం. వరంగల్లు – హైదరాబాదు దారిలోని ఆలేరు సమీపాన శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం దీన్ని రూపొందించారు. పోచంపల్లి తరహా చీరల నేతలో, రంగులద్దడానికి ముందు నూలును అర్ధవలయాకారంలో అమర్చిన మేకుల చుట్టూ వరుసగా పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఇది ఎక్కువగా స్త్రీలు చేసే పని. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటలు పట్టే ఈ పనివల్ల తన తల్లి లక్ష్మి పడుతున్న భుజం నొప్పిని మల్లేశం చిన్ననాటి నుంచి విన్నారు, చూశారు. 1990ల తొలి సంవత్సరాల్లో మొదలైన ప్రయత్నం 1999లో ఫలించింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు. దానివల్ల ఒక చీర ఆసు దాదాపు గంటన్నరలో పూర్తవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఈ చరిత్రలో తల్లి మాట చేసిన పనికి, చేయలేని పనికి మధ్య గీత స్పష్టంగా ఉంది. నొప్పి ఉందనీ, ఈ పని మానిపించాలనీ ఆ మాట చెప్పింది. సమస్యను ఎంచుకోవడానికి అది చాలు. ఏ పరీక్షా ఆ సమస్యను కనిపెట్టలేదు, ఎందుకంటే పరీక్షించడానికి అప్పటికి వస్తువే లేదు. కాని దారం ఒక్కొక్క మేకు చుట్టూ ఎలా తిరగాలి, బిగువు ఎంత ఉండాలి, ఎక్కడ తెగుతుంది అన్న ప్రశ్నలకు ముఖాముఖిలో జవాబు దొరకదు. దశాబ్దాలుగా ఆసు పోసిన చేతికి తెలిసిన బిగువును నోరు కొలతగా చెప్పలేదు. దారం తెగినప్పుడే యంత్రంలోని లోపం తెలుస్తుంది. సమస్యను మాట ఇచ్చింది. పరిష్కారం నిజమైనదో కాదో మగ్గం మీదికి వెళ్లే నూలే తేల్చింది. వాడుకరులను మొదటి నుంచీ గమనించడం, నమూనాను వారిచేత వాడించి కొలవడం, దిద్ది మళ్లీ పరీక్షించడం అని జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ 1985లో సూత్రీకరించిన మూడు నియమాలు ఏ రూపకల్పన పాఠశాలతోనూ సంబంధం లేని ఈ కృషిలో ఆచరణగా కనిపిస్తాయి.

6. తెరమీద భూమి – ధరణి నుంచి భూభారతికి:

ఆసుయంత్రంలో తప్పు జరిగితే దారం తెగుతుంది. భూమి రికార్డులో తప్పు జరిగితే కుటుంబానికి ఆధారమైన పట్టా ఆగుతుంది. అందువల్ల రెండు పద్ధతుల భేదం అత్యంత కీలకమయ్యేది ఇక్కడే. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను, మ్యుటేషన్‌ను తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి జరిగేలా చేసింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైంది. ఈ మార్పు వెనుక రాజకీయ వాదోపవాదాలు ఉన్నాయి. ఈ వ్యాసం వాటి జోలికి పోదు. వాడుకరి కోణం నుంచి మూడు అంశాలను మాత్రం పరిశీలిస్తుంది.

మొదటి అంశం తెరమీది పదాలు. వారసత్వంగా భూమి పేరు మార్పిడిని తెలంగాణ పల్లెల్లో ‘విరాసత్’ అనీ ‘ఫౌతీ’ అనీ అంటారు. పోర్టల్ దాన్ని ‘సక్సెషన్’ అన్నది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకునే దరఖాస్తుకు ‘నాలా’ అని పేరు. అది ఒక ఇంగ్లీషు చట్టం పేరులోని తొలి అక్షరాల కూర్పు. వరంగల్లు, హైదరాబాదు వాడుకలో మాత్రం నాలా అంటే వాన నీరు, మురుగు నీరు పోయే కాలువ. పాసుపుస్తకంలోని వివరాల సవరణకు ఉద్దేశించిన విభాగం ‘టీఎం-33’ అన్న సంఖ్యతోనే ప్రచారంలోకి వచ్చింది. ముఖాముఖిలో రైతు “నా పేరు తప్పు పడ్డది” అని మాత్రమే చెబుతాడు. ఏ పదం దగ్గర దారి తప్పాడో అతడికి తెలియదు కనుక చెప్పలేడు. “తండ్రి మరణించాడు, రెండెకరాల పది గుంటలు మీ పేరుమీదికి రావాలి, దరఖాస్తు పెట్టండి” అని పని అప్పగించి చూస్తే, అతడి చూపు ఏ పదాన్ని దాటిపోయిందో పరిశోధకుడికి కనిపిస్తుంది.

రెండవ అంశం వాడుకరి ఎవరన్నది. భూమి రైతుది. మౌసు మాత్రం చాలాసార్లు మీసేవ కేంద్రంలోని ఆపరేటర్ చేతిలో ఉంటుంది. తెర అటువైపు తిరిగి ఉంటుంది. రైతు కౌంటరుకు ఇవతల నిలబడి అడిగిన కాగితాలు అందిస్తాడు. రైతును ఒక్కడినే ముఖాముఖి చేస్తే తెర సంగతి తెలియదు. ఆపరేటర్‌ను ఒక్కడినే పరీక్షిస్తే పని సజావుగా జరిగినట్లు కనిపిస్తుంది, ఎందుకంటే రోజూ అదే పని చేసే చెయ్యి ఏ గందరగోళానికైనా అలవాటు పడుతుంది. రైతు చెప్పిన కష్టాన్ని ఆపరేటర్ ఏ విభాగంగా అర్థం చేసుకున్నాడు, ఆ ఎంపిక సరైనదో కాదో రైతు ఎలా తెలుసుకుంటాడు అన్నదే అసలు పరీక్షాంశం. కాబట్టి ఇక్కడ పరీక్షించవలసినది కౌంటరుకు రెండు వైపులా ఉన్న ఇద్దరినీ కలిపి.

మూడవ అంశం పరీక్షకు అందనిది. ధరణి కాలంలో ప్రధానంగా వినిపించిన ఫిర్యాదు బొత్తాముల గురించి కాదు. తప్పును స్థానికంగా దిద్దే అధికారం, పైకి అప్పీలు చేసుకునే మెట్లు లేవన్నది ఆ ఫిర్యాదు. భూభారతి చట్టం అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. ధరణి తెరను ఎంత జాగ్రత్తగా పరీక్షించినా ఈ లోటు బయటపడేది కాదు. తెరమీద లేని పనిని ఎవరికీ అప్పగించలేరు. ‘తప్పు జరిగితే ఎవరి దగ్గరికి పోవాలె?’ అన్న ప్రశ్న మనిషి నోటి నుంచే రావాలి. ఉన్నదానిలోని అడ్డంకిని చేత చూపుతుంది, లేనిదాన్ని మాటే చెబుతుంది. రెండు పద్ధతుల భేదానికి ఇదే కీలకం.

భూభారతిని మొదట నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. వాటిలో పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమైన ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం ఒకటి. రామప్ప ఆలయం ఉన్న పాలంపేట ఈ మండలంలోనిదే. రెవెన్యూ సదస్సులు నిర్వహించి రైతుల నుంచి దరఖాస్తులు స్వీకరించడం ఈ ప్రయోగంలో ముఖ్యమైన భాగం. పద్ధతి రీత్యా సదస్సు ముఖాముఖికి దగ్గరిది. రైతు తన భాషలో తన కష్టాన్ని చెప్పుకునే వీలు అందులో ఉంది. అయితే సదస్సులో వచ్చిన దరఖాస్తుల సంఖ్య వ్యవస్థ పట్ల నమ్మకానికో, సమస్యల విస్తృతికో సూచిక కాగలదు. కొత్త పోర్టల్ సులువుగా ఉందనడానికి అది సాక్ష్యం కాదు. ఆ సాక్ష్యం కావాలంటే సదస్సు ముగిశాక మరో పని మిగిలే ఉంటుంది.

7. ఎంతమంది, ఎవరు?:

వినియోగ్యతా పరీక్షకు ఐదుగురు చాలన్న మాట విస్తృత ప్రచారంలో ఉంది. జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రతిపాదించిన గణిత నమూనా దీనికి ఆధారం. వారి అధ్యయనాల సగటు ప్రకారం ఒక లోపం ఒక వాడుకరికి ఎదురయ్యే అవకాశం 31 శాతం. ఆ లెక్కన ఐదుగురితో దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయి. కాని అది సగటు మాత్రమే. ఎదురయ్యే అవకాశం 10 శాతమే ఉన్న లోపాలను తీసుకుంటే, అదే సూత్రం ప్రకారం ఐదుగురితో బయటపడేవి 41 శాతమే. పైగా ఆ ఐదుగురూ ఒకే తరహా వాడుకరులు కావాలి. చదవగల రైతు, చదవలేని రైతు, భర్త మరణానంతరం మొదటిసారి కార్యాలయానికి వచ్చిన స్త్రీ, ఏజెన్సీ ప్రాంత గిరిజన రైతు, మీసేవ ఆపరేటర్ – వీరిని ఒకే ఐదుగురిలో కలపడం పరీక్షను నామమాత్రం చేస్తుంది.

వినియోగ్యతా పరీక్షకూ పరిమితులు ఉన్నాయి. గమనిస్తున్నారన్న స్పృహ మనిషి నడతను మారుస్తుంది. కల్పిత సర్వే నంబరుతో చేసే పనిలో సొంత భూమి పోతుందన్న భయం ఉండదు. కార్యాలయంలోని వరుస, కరెంటు కోత, పక్కవారి తొందర అక్కడ కనిపించవు. పరీక్ష పూర్తయ్యాక జరిపే చిన్న సంభాషణ ఈ వెలితిని కొంతవరకు పూడ్చగలదు. అప్పుడు అడిగే ప్రశ్న “బాగుందా?” అని కాకుండా “అక్కడ ఆగారు కదా, అప్పుడు ఏమనుకున్నారు?” అని ఉండాలి. చూసినదాన్ని ఆధారం చేసుకుని అడిగే ప్రశ్నకు మొహమాటపు జవాబు రావడం తక్కువ.

8. ముగింపు:

ముఖాముఖి, వినియోగ్యతా పరీక్ష పరస్పరం పోటీపడే పద్ధతులు కావు. వాటి భేదం అవి ఇచ్చే సాక్ష్యంలో ఉంది. పై పరిశీలన నుంచి తెలుగు పరిశోధనకు మూడు సూచనలు లభిస్తున్నాయి.

అ) సిద్ధాంత వ్యాసంలో ఒక డిజిటల్ సాధనాన్ని ‘సులభం’, ‘ఉపయోగకరం’ అని నిర్ధారించే ముందు, ఆ నిర్ధారణ అడిగి తేల్చినదా, చూసి తేల్చినదా అన్నది పద్ధతుల అధ్యాయంలో పేర్కొనాలి.

ఆ) అంతర్జాల నిఘంటువులు, కీబోర్డులు, పాఠ్య యాప్‌ల మీద పరిశోధన చేసేవారు ప్రశ్నావళికి తోడుగా చిన్న స్థాయి వినియోగ్యతా పరీక్షలను చేర్చాలి. ‘జ్ఞానం’, ‘స్త్రీ’, ‘క్ష్మ’ వంటి రూపాలను టైపు చేయమని ఇచ్చి గమనించడం, కీబోర్డు మీద వంద అభిప్రాయాలు సేకరించడం కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇ) మాండలిక పదసేకరణలో తెలుగు శాఖలకు ఉన్న అనుభవం ప్రభుత్వ సేవల తెరలకు నేరుగా ఉపయోగపడగలదు. ‘విరాసత్’ అన్న పదాన్ని సేకరించి భద్రపరిచే బాధ్యత ఎంత ఉన్నదో, ఆ పదం తెరమీద ఉంటే రైతు చెయ్యి దారి తప్పకుండా ఉంటుందా అని పరీక్షించే బాధ్యత కూడా అంతే ఉన్నది.

వాడుకరి చెప్పినది వినకుండా చేసిన వస్తువు అవసరం లేనిదవుతుంది. వాడుకరి చేసేది చూడకుండా ఇచ్చిన వస్తువు అందనిదవుతుంది. ఓరుగల్లు ప్రాంతపు ఒక చిన్న రైతుకు ఈ రెండింటి ఫలితం ఒకటే – రెండవసారి, మూడవసారి అదే కౌంటరు ముందు నిలబడడం. పద్ధతుల భేదాన్ని పాటించడం ఆ తిరుగుడును తగ్గించే పనిలో పరిశోధన వంతు.